ఐదు ముడుల పరుగు

“ఆగండాగండి! ఇంతటి జలపాతాన్ని కళ్ళారా చూడకుండా పరుగెత్తితే మనకూ గానుగెద్దుకూ తేడా ఏముంది?” అంటూ యువరాజు ఉదయకేతుడు ఉన్నపళాన నిలబడిపోయాడు.

ఆయన నిలబడితే తాడు నిలబడింది. ముందు దారి చూపుతున్న అడవిమనిషి కోనప్ప భుజం వెనక్కి గుంజుకుపోయింది. వెనక వస్తున్న రాజవైద్యుడు వల్లభశాస్త్రి ముక్కు యువరాజు వీపుకు గుద్దుకుంది. శాస్త్రిగారి వీపుకు వంటశాల పెద్ద బొజ్జన్న పొట్ట గుద్దుకుంది. అందరికన్నా వెనక, కళ్ళమీదికి జారుతున్న మొగుడి తలపాగాను ఎగదోసుకుంటూ వస్తున్న చెంగల్వ మాత్రం ఎవరికీ గుద్దుకోలేదు. తెల్లవారినప్పటినుంచి ఇది ఆరోసారి. ఎంత దూరంలో ఆగాలో ఆమెకు ఈపాటికి తెలిసిపోయింది.

జలపాతం గొప్పదే. కాదనడానికి లేదు. నెమలికోన నెత్తిమీదనుంచి నూరు నిలువుల లోతుకు వెండి జరీ అంచు విప్పి పరిచినట్టు దూకుతోంది. తుంపరల్లో ఇంద్రధనుస్సులు మూడు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. అటూ ఇటూ కొండ తంగేడు విరగబూసి, అడవి మొత్తం పసుపు నలుగు పెట్టుకున్నట్టు మెరుస్తోంది. మద్దిమానుల మొదళ్ళలో నెమళ్ళు పురివిప్పి నిలబడ్డాయి. చూడగలిగిన పుణ్యాత్ములు చూడొచ్చు. చెంగల్వకు మాత్రం ఆ నీళ్ళలో జారిపోతున్న పొద్దే కనిపించింది.

“యువరాజా, తిరిగొచ్చేటప్పుడు చూద్దురుగాని, కదలండి” అంది గొంతు మగవాడిలా బొంగురు చేసుకుని.

“తిరిగొచ్చేటప్పుడు వెలుగు ఇలా ఉండదు చెంగడూ.”

“తమరిని మోసుకుపోవడానికి పల్లకి తేలేదురా మా తాతలు!” అని ముందునుంచి కోనప్ప అరిచాడు. యువరాజనీ చూడడు, వైద్యుడనీ చూడడు, నోటికి ఎంతొస్తే అంత. “నా కాల్లో ముల్లు దిగి గంటయింది. నేను కుంటుతున్నానా? కుంటుతున్నాను. ఆగానా? ఆగలేదు! ఈ సంతను అడవిలోకి తోలుకొచ్చిన నా బుద్ధికి బూజు పట్టిందిరా దేవుడా!”

ఇంత గోలకూ కారణం మాయావి కుటిలాక్షుడు. కుందవర రాజ్యంలో తనకు కొలువు దక్కలేదన్న కక్షతో మూడు రోజుల కిందట నగరంమీదికి నల్లటి పొగ ఊదాడు. పెద్దవాళ్ళు దగ్గి ఊరుకున్నారు. పాలు తాగే పసివాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళక్కడ నిద్రలోకి జారుకున్నారు. మళ్ళీ లేవలేదు. చెంగల్వ కూతురు పొన్ని, పది నెలల పిల్ల, కుడిచేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని మూడు రోజులుగా అలాగే ఉంది.

మందు ఒక్కటే. తేనెగుట్ట గుహలో యక్షుడు కాపాడుతున్న తెల్లతేనె నాలికమీద రాస్తే పిల్లలు లేస్తారు. గుహ తలుపు ఏడాదికి ఒక్కరోజు, కార్తిక పున్నమినాడు, పొద్దు గుంకేదాకానే తెరుచుకుంటుంది. దానికో పద్ధతి ఉంది. కొలువునుంచి, వంటశాలనుంచి, వైద్యశాలనుంచి, అడవినుంచి, వార్తలు మోసే అంచెలనుంచి ఒక్కొక్కరు, మొత్తం ఐదుగురు, సూర్యోదయానికి ఒకే తాడుకు ఎవరి ముడి వాళ్ళు వేసుకోవాలి. ఆ ముడి పట్టుకుని ఐదుగురూ కలిసి తొమ్మిది క్రోసుల అడవి పరుగెత్తాలి. గుహ ముందు ఎవరు వేసిన ముడి వాళ్ళే విప్పాలి. ఇంకొకరి చేతికి అది రాదు, కత్తికి తెగదు. ఐదో ముడి విడితే తలుపు విడుతుంది. దారిలో తాడు అందరి చేతుల్లోంచీ జారి నేలను తాకిందా, మళ్ళీ ఏడాదికే. పాలు లేకుండా పొన్ని ఏడాది ఉంటుందా? వారం ఉంటుందా?

అంచెలవాళ్ళ వంతు చెంగల్వ మొగుడు సింగన్నది. సరిగ్గా నిన్న మెట్లమీద జారి, చీలమండ గుమ్మడికాయలా వాచిపోయింది. ఆడదాన్ని పంపరని అతని తలపాగా చుట్టుకుని, అతని తమ్ముడు చెంగణ్ణని చెప్పి చెంగల్వ బయల్దేరింది. గుండెకు గట్టిగా గుడ్డ బిగించింది. ఎందుకంటే పొన్ని తాగకపోయినా, తాగే వేళకు పాలు మాత్రం చేపుకొస్తూనే ఉన్నాయి. ఏమాత్రం బుద్ధిలేని పాలు.

“పదండి మరి!” అని ఆమె తాడు గుంజింది.

పది బారలు పోయారో లేదో శాస్త్రిగారు వంగారు. “నేలవేము! ఎంత లేతగా ఉందో చూశావా అబ్బాయీ?”

“శాస్త్రిగారూ, మీకు దణ్ణం పెడతాను.”

“దణ్ణాలెందుకు, ఒక్క గుప్పెడు కోసుకోనీ.”

ఆయన సంచి నింపుకునేలోగా బొజ్జన్న నడుముకు కట్టుకున్న మూట విప్పాడు. “అందరూ ఎలాగూ ఆగారుగా, ఒక్కొక్క అరిసె తింటే...” అన్నాడు, అప్పటికే రెండు నోట్లో పెట్టుకుని. నెయ్యి గడ్డంమీదికి కారుతుంటే చెంగల్వ ఏమీ ఆలోచించకుండా పైగుడ్డ కొంగుతో అతని మూతి తుడిచింది. “ఒంటికి అంటించుకోకుండా తినడం చేతకాదా?” అని కసిరింది కూడా. బొజ్జన్న బిత్తరపోయి చూశాడు.

బెల్లం వాసన అడవికి తెలియకుండా ఉంటుందా? వెదురుపొద ఫెళఫెళమంది. నిలువెత్తు ఎలుగుబంటి ఒకటి, కళ్ళు చింతనిప్పుల్లా మెరుస్తుంటే, రెండు కాళ్ళమీద లేచి నిలబడింది.

“పరుగో!” అన్నాడు కోనప్ప.

అప్పుడు పరుగెత్తారు! అంతవరకు నడకా పరుగూ కాని ఆ ఈడ్పు ఏమయిందో, తాడు వింటినారిలా బిగుసుకుని అయిదుగురూ ఒక్క మనిషయ్యారు. వెదురుగడలు మొహంమీద కొడుతున్నాయి. ఎండుటాకులు కాళ్ళకింద చిటపటలాడుతున్నాయి. విరిగిపడిన మానును కోనప్ప ఎగిరి దాటాడు, యువరాజు దాటాడు, శాస్త్రిగారు సంచి పైకెత్తి దాటారు, బొజ్జన్న దాటలేక దానికిందనుంచి దూరి ఇరుక్కున్నాడు. వెనకనుంచి ఎలుగు ఊపిరి చెంగల్వ మెడకు వెచ్చగా తగిలింది.

“మూట పారెయ్యి!”

“నేతి అరిసెలమ్మా అవి... అబ్బాయీ అవి!”

చెంగల్వ మూట లాగి ఎలుగు మొహాన కొట్టి, రెండు చేతులతో బొజ్జన్నను అవతలికి తోసింది. మళ్ళీ పరుగు. నల్లవాగు ఒడ్డు చేరేదాకా ఎవరూ వెనక్కి చూడలేదు.

వాగుమీద మంచు దట్టంగా పేరుకుని ఉంది. మిట్టమధ్యాహ్నం పూట వాగుమీద మంచేమిటని అడగాల్సింది. ఎవరికీ ఊపిరి లేదు. కోనప్ప ముందు దిగాడు, రాళ్ళను, నీళ్ళను, వాటిని పుట్టించినవాణ్ణి తిట్టుకుంటూ. ఆ తిట్లు మంచులోకి పోయి చప్పున ఆగిపోయాయి. తాడు ఒక్క క్షణం వదులైంది. మళ్ళీ బిగుసుకుంది.

అవతలి ఒడ్డుమీద కోనప్ప నవ్వుతూ నిలబడి ఉన్నాడు. “మెల్లగా రండి. తొందరేం లేదు” అన్నాడు.

వాగు నడుమ ఉండగానే చెంగల్వకు గుడ్డకింద సలుపు మొదలై తడి తగిలింది. పొన్ని మధ్యాహ్నపు పాలవేళ. పళ్ళు బిగించి ఒడ్డెక్కింది.

అక్కడినుంచి దారి మైదానంలోకి తిరిగింది. నడుమెత్తు ఉత్తరేణి పొదలు ఎంతదూరం చూస్తే అంతదూరం ఉన్నాయి. ఎండిన కంకులు రాసుకుంటే చాలు, గింజలు బట్టకు పట్టుకుని వదలవు. యువరాజు పట్టు దట్టీ కాస్తా గోనెపట్ట అయింది.

“ఇవి నన్ను గుచ్చుతున్నాయి” అన్నాడాయన.

“అందరినీ గుచ్చుతున్నాయి యువరాజా. పరుగెత్తండి.”

“ఉత్తరేణి పంటికి మంచిది” అన్నారు శాస్త్రిగారు.

“పిక్కకు మంచిది కాదు” అన్నాడు బొజ్జన్న. “పిక్కలు పట్టేశాయి. పొట్టలోనూ ఏమీ లేదు. ఉన్నవి ఎవరో ఎలుగుబంటికి సంతర్పణ చేశారు.”

ఒకరికి దాహం. ఇంకొకరికి చెప్పు తెగింది. ఒకాయనకు ఇంకెంత దూరమో కావాలి. చెప్పిన వంద బారలకు మళ్ళీ కావాలి. ఇంట్లో ఒక్క పిల్లనే సాకలేక సతమతమయ్యేదాన్ని, ఇక్కడ మీసాలున్న పిల్లలు ముగ్గురు తగులుకున్నారేమిటి అని చెంగల్వ తలబాదుకుంది. తలపాగా మళ్ళీ జారింది. ముందున్న కోనప్ప ఒక్కడే బంగారంలాంటి మనిషి. కుంటడం మానేశాడు. నోరు మెదపడం మానేశాడు. ఎవరాగినా ఓపిగ్గా ఆగుతున్నాడు. ఎలుగుబంటిని చూసి వీడికైనా బుద్ధొచ్చింది, దేవుడు చల్లగా చూశాడు అనుకుందామె.

మైదానం దాటేసరికి అద్దంలాంటి సరస్సు. కలువలు నీళ్ళు కనపడకుండా కమ్ముకున్నాయి. తెల్లకొంగలు బారులు తీరి వాలుతున్నాయి. ఆవలి గట్టున తేనెగుట్ట, దాని నడుమ నల్లటి రాతి తలుపు! మూడు బాణాల దూరం లేదు.

“వచ్చేశాం!” అని బొజ్జన్న కేక పెట్టాడు.

ఆ కేక నోట్లో ఉండగానే వెలుగు పోయింది. పడమటి కొండమీద ఎర్రజీర ఒకటి మెరిసి ఆరింది. కొంగలు కలగాపులగంగా లేచాయి. కీచురాళ్ళు అందుకున్నాయి. చూస్తుండగానే మునిమాపు కమ్ముకుని, రాతి తలుపు చీకట్లో కలిసిపోయింది.

శాస్త్రిగారు కూలబడ్డారు.

“అయిపోయింది” అన్నాడు యువరాజు. జలపాతాలను చూసి పొంగిపోయిన గొంతు పీలగా వచ్చింది. “నావల్లే అయిపోయింది. ఆరుసార్లు ఆపాను.”

“నేను నాలుగుసార్లు” అన్నాడు బొజ్జన్న. ముక్కు ఎగపీల్చాడు. అతని మనవడూ నిద్రపోతున్న పిల్లల్లో ఒకడు.

“మీరు చెయ్యగలిగింది చేశారు” అన్నాడు కోనప్ప ఎంతో మెత్తగా. “పొద్దు గుంకింది. ఇక ఎవరేం చేస్తారు? తాడు కింద పెట్టి, కాసేపు నడుం వాల్చండి.”

అతని చెయ్యి ముందు విచ్చుకుంది. బొజ్జన్న చెయ్యీ వదిలింది. శాస్త్రిగారి వేళ్ళు సడలాయి. యువరాజు పిడికిలి సగం తెరుచుకుంది.

“ఎవడూ వదలొద్దు!” అని చెంగల్వ అరిచింది. తాడు మొత్తం తన చేతికి చుట్టేసుకుంది. “పట్టుకోండి! ఇది సాయంత్రం కాదు.”

“కళ్ళకు కనిపిస్తోందిగా అబ్బాయీ.”

“కళ్ళకు కనిపిస్తే సరా? ఇంకా మూడోజాము కూడా తిరగలేదు.”

“నీకెలా తెలుసు?” అన్నాడు యువరాజు.

తెలుసు. ఎలాగంటే ఎలా చెప్పడం? పొన్ని జాము పొద్దెక్కాక తాగుతుంది, మధ్యాహ్నం తాగుతుంది, మూడోజాము తిరిగాక తాగుతుంది, దీపాలవేళ తాగుతుంది. ఇవాళ చేపుకొచ్చింది రెండుసార్లే. రెండోది వాగులో. ఆకాశం అబద్ధమాడుతుందేమోగాని ఇది ఆడదు. ఉదయంనుంచి పడ్డ విసుగంతా ఒక్కసారిగా పొంగి, ఆమె తలపాగా పీకి నేలకేసి కొట్టింది.

“ఎందుకంటే నేను మగవాణ్ణి కాను! పాలిచ్చే తల్లిని! నా బిడ్డ మూడో పాలవేళ ఇంకా కాలేదు. చాలా? ఇంకా వివరంగా చెప్పాలా?”

బొజ్జన్న వంగి తలపాగా ఏరి దులిపాడు.

“ఆడదానివని మాకు తెలుసు తల్లీ” అన్నాడు బొజ్జన్న మొహమాటంగా. “నా మూతి తుడిచావుగా.”

“నన్ను తడిరాతిమీద కూర్చోవద్దన్నావు” అన్నాడు యువరాజు. “జలుబు చేస్తుందన్నావు.”

“పొద్దున నువ్వు తాడుకు వేసింది ఉయ్యాల ముడి” అన్నారు శాస్త్రిగారు. “ఏ అంచెగాడికి తెలుస్తుందమ్మా అది? చెప్పుకోవడం నీ ఇష్టమని ఊరుకున్నాం.”

చెంగల్వకు ఏడవాలో, ముగ్గురినీ సరస్సులో తొయ్యాలో తెలియలేదు. “అయితే నమ్మండి! పట్టుకోండి తాడు!”

ముగ్గురూ పట్టుకున్నారు.

“ఎందుకమ్మా ఈ ఆరాటం?” అన్నాడు కోనప్ప, అదే మెత్తటి గొంతుతో. “అలిసిపోయావు. వదిలెయ్యి.”

ఆ మాట ఆమె చెవికి చల్లగా తగిలింది, పాము తగిలినట్టు. మెల్లగా తల తిప్పి అతణ్ణి ఎగాదిగా చూసింది. తన పంచె నిండా ఉత్తరేణి గింజలు. యువరాజు దట్టీ నిండా గింజలు. శాస్త్రిగారి గడ్డంలో కూడా ఉన్నాయి. అందరికన్నా ముందు, పొదలను తోసుకుంటూ వచ్చిన కోనప్ప గోచీకి ఒక్క గింజ లేదు. ఇప్పుడే చాకలి మడత విప్పినట్టు ఉంది.

వాగు దాటినప్పటినుంచి వీడు ఒక్కసారి కుంటలేదు. నీళ్ళడగలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. మనిషి పుటక పుట్టినవాడు, ఈ ముగ్గురితో కలిసి ఇంతదూరం వచ్చి, విసుక్కోకుండా ఉంటాడా?

“కోనప్పా” అంది. “నన్నొక్క తిట్టు తిట్టు.”

“నిన్నెందుకు తిడతానమ్మా?”

బొజ్జన్న ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆ సంగతి అతనికీ అర్థమైంది.

చెంగల్వ తన పంచెకు పట్టుకున్న ఉత్తరేణి కంకి ఒకటి పీకి, అతని గుండెలకేసి విసిరింది. అది గుండెల్లోంచి దూరి, వీపులోంచి వచ్చి, వెనక గడ్డిలో పడింది. చిల్లు పడ్డచోటినుంచి నల్లటి పొగ సన్నగా కారింది.

“తల్లులతో ఇదే తంటా!” కోనప్ప మొహం కరిగి కిందికి జారింది. దానికింద పిల్లికళ్ళు, వంకర ముక్కు, పొగలాంటి జడలు బయటపడ్డాయి. కుటిలాక్షుడు! యువరాజు కత్తి దూసి ఒక్క దూకు దూకాడు. కత్తికి పొగ తప్ప ఏమీ తగల్లేదు. “తలుపు దగ్గరే ఉంది, వెళ్ళి తెరుచుకోండి! నాలుగు ముడులు మీరు విప్పుతారు. అయిదోది ఎవడు విప్పుతాడు?”

విరగబడి నవ్వుతూ ఆ పొగ సుడి తిరిగి పైకి లేచింది. దానితోపాటే ఆకాశాన్ని కప్పిన చీకటి కూడా పాతచీర చిరిగినట్టు చిరిగి కొట్టుకుపోయింది. పడమటి కొండకు ఇంకా రెండు బారల ఎత్తున సూర్యుడు ధగధగా వెలుగుతున్నాడు. కీచురాళ్ళు సిగ్గుపడ్డట్టు ఆగిపోయాయి.

ఎదురుగా రాతి తలుపు. అందరూ దానికేసే చూశారు. చెంగల్వా చూసింది. దాని వెనకే పొన్ని కళ్ళు తెరిపించే తేనె ఉంది, పిలిస్తే పలికేంత దూరంలో. కాళ్ళు అటే లాగాయి. ఆమె బలవంతంగా వీపు తిప్పుకుంది.

“వాగు దగ్గరికి. వెనక్కి.”

“వెనక్కా?” అన్నాడు బొజ్జన్న. “మళ్ళీ ఆ గింజల్లోంచా? నా పిక్కలు...”

“తెగిన చెప్పుతో నేను...” అన్నాడు యువరాజు.

“మోకాళ్ళు సహకరించవమ్మా” అన్నారు శాస్త్రిగారు.

“సణగండి! గట్టిగా సణగండి!” అని చెంగల్వ తాడు ముందుకొస భుజానికి వేసుకుంది. “సణుగుతున్నంతసేపు మీరు మీరేనని నాకు తెలుస్తూ ఉంటుంది. నోళ్ళు మూతపడితే భయం. కాళ్ళు మాత్రం ఆగకూడదు!”

సణుగుతూనే పరుగెత్తారు. ఉత్తరేణి పొదలు మళ్ళీ గుచ్చాయి. యువరాజు తెగిన చెప్పు పారేసి వట్టికాలితో, అబ్బా అబ్బా అంటూ పరుగెత్తాడు. శాస్త్రిగారు పడబోతే బొజ్జన్న జబ్బ పట్టి లేపాడు. నేలవేము సంచి జారిపోతే ఆయన దానికేసి ఒక్కసారి చూసి, వదిలేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయిగాని, ఆగలేదు. అదంతా చెంగల్వ చూసింది.

వాగు చప్పుడు వినిపించింది. దానితోపాటు ఇంకొకటి.

“...ఒరే సన్నాసుల్లారా! మనిషి తగ్గాడా, పెరిగాడా చూసుకోవద్దా! మీ కళ్ళలో కారం కొట్ట! నా కాల్లో ముల్లు అట్లాగే ఉందిరా!”

ఆ తిట్లు వినగానే చెంగల్వ గుండె కుదుటపడింది. సరిగ్గా అప్పుడే గుడ్డకింద సలుపు పుట్టి, వెచ్చటి తడి తగిలింది. మూడో పాలవేళ. ఇక దీపాలవేళకు ఉన్నది ఒక్క చేపు దూరమే. ఆలోగా కోనప్పను దింపాలి, మైదానం దాటాలి, సరస్సు చుట్టాలి, ఐదు ముడులు విప్పాలి.

వాగుమీదికి వంగిన మద్దికొమ్మనుంచి, ఒళ్ళంతా చుట్టుకున్న లావాటి పచ్చతీగకు కోనప్ప తలకిందులుగా వేలాడుతున్నాడు. మొహం ఎర్రగా ఉబ్బింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

“వచ్చారా దొరలు! ఏం, దారిలో జలపాతాలేమన్నా తగిలాయా?”

“తీగ కోయండి యువరాజా” అంది చెంగల్వ, నీళ్ళలోకి దిగుతూ.

“కొయ్యొద్దు!” కోనప్ప గొంతు మొదటిసారి తగ్గిపోయింది. “మెల్లగా మాట్లాడండి తల్లీ. మధ్యాహ్నంనుంచి ఇది నిద్రపోతోంది. నేను ఇందాక అరిచిన అరుపుకు...”

కొమ్మ చివర, ఆకుల నడుమ, పళ్ళెమంత పసుపుపచ్చటి కన్ను ఒకటి నిదానంగా తెరుచుకుంది. తీగ కోనప్పను ఇంకో చుట్టు చుట్టింది.

చెంగల్వ ఆ కన్నుకేసి చూసింది. పొద్దుకేసి చూసింది. వెనక ఒకరి వీపుకొకరు గుద్దుకుని ఆగిన ముగ్గురికేసి చూసింది.

“ఇదొక్కటే తక్కువైంది” అని, తడిసిన పంచె పైకి దోపుకుని, తాడు కొసన ఉచ్చు వేస్తూ దానిమీదికి నడిచింది.